సవరణ: లాజరు లేవడం, యేసు లేవడం ఒకటి కాదు

ఈస్టర్ తెల్లవారుజామున గుంటూరులో మా వాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వచ్చి పెట్టిన పోస్టులో, చనిపోయాక యేసు తిరిగి బ్రతికించిన లాజరు లేచినట్టే యేసు ప్రభువూ లేచాడని రాశాను. అది తప్పు, క్షమించండి. లాజరు వచ్చింది పాత బ్రతుకులోకే. యోహాను సువార్త 11వ అధ్యాయంలో అతను శవానికి చుట్టిన కట్లతోనే బయటికి వచ్చాడు, వేరేవాళ్లు విప్పాల్సి వచ్చింది. యోహాను 20లో ప్రభువు సమాధిలో నారబట్టలు మాత్రమే ఉన్నాయి, తల రుమాలు విడిగా చుట్టిపెట్టి ఉంది. ఆ రుమాలు దగ్గర నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను. లాజరు మళ్ళీ చనిపోవాల్సినవాడే. క్రీస్తు ఇక చనిపోడు (పౌలు రోమీయులకు రాసిన పత్రిక, 6:9). బాప్తిస్మంలో మనం పాలు పొందేది ఆయన మరణంలో, ఆ కొత్త జీవంలో అని పౌలు అదే అధ్యాయంలో చెబుతాడు. ఇంకొకటి, ఆ పోస్టులో రాసిన, గోధుమగింజ నేలలో పడి చస్తేనే ఫలిస్తుందన్న యేసు మాట మత్తయి సువార్తలోది కాదు, యోహాను 12:24. పాత పోస్టు దిద్దాను.