ఎనిమిది నిమిషాల రియలిజం

ఆన్‌లైన్‌లో కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే కంప్యూటర్ మీద యుద్ధ విమానం నడిపే ఆట, ఆడే సీనియర్లను మీకు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. హెడ్‌సెట్ తగిలించగానే గొంతు ఒక మెట్టు కిందికి దిగుతుంది. "అవును" అనరు, "అఫర్మేటివ్" అంటారు. అన్నం చల్లారిపోతోందని వంటింట్లోంచి పిలిస్తే "స్టాండ్‌బై" అంటారు. మిగతా ఆటలు ఆడేవాళ్ళంతా వీళ్ళ దృష్టిలో గేమర్లు. తాము మాత్రం పైలట్లు. తాము ఆడేది ఆట కాదు, సిమ్యులేషన్. పొరపాటున ఆట అన్నవాణ్ణి సర్వర్‌లోంచి పంపేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మా గ్రూపులోనూ అలాంటి పెద్దమనిషి ఒకరున్నారు. అందరం అన్నగారనే పిలుస్తాం. మొన్న కొత్తగా చేరిన కుర్రాడొకడు భయం భయంగా అడిగాడు: "అన్నా, ఎంత వెతికినా నాకు శత్రు విమానం కనపడట్లేదు. మీకు అంత దూరం నుంచి ఎలా కనపడుతోంది?"

అన్నగారు కాసేపు మౌనం పాటించి, ఆ తర్వాత సెలవిచ్చారు. "అనుభవం తమ్ముడూ. ఆకాశాన్ని చూసే కన్ను వేరే ఉంటుంది. అది కొనుక్కుంటే వచ్చేది కాదు."

కొనుక్కుంటే వచ్చేది కాదన్న మాట నిజమే. అది ఉచితంగానే వస్తుంది. ఆప్షన్స్‌లోకి వెళ్ళి గ్రాఫిక్స్ ట్యాబ్ నొక్కితే చాలు.

అన్నగారి రియలిజం ఎంత కఠినమైనదో ముందు చెప్పాలి, లేకపోతే అపచారం. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో ఎఫ్-16 యుద్ధ విమానం ఎక్కారంటే, ఇంజిన్ తిరుగుతూ సిద్ధంగా ఉన్న విమానాన్ని ఆయన తాకరు. అన్నీ ఆఫ్‌లో ఉన్నదే కావాలి. ఒక్కో స్విచ్చూ వేసుకుంటూ, వేసిన ప్రతి స్విచ్ పేరూ మైకులో చదువుతూ స్టార్ట్ చేస్తారు. ఆ తర్వాత విమానంలోని ఇనర్షియల్ నావిగేషన్ వ్యవస్థ తాను ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో తేల్చుకోవాలి. దానికి దాదాపు 8 నిమిషాలు పడుతుంది. స్టోర్డ్ హెడింగ్ అని దగ్గరి దారి ఒకటుంది, నిమిషంన్నరలో అయిపోతుంది. అన్నగారు దాని జోలికి పోరు. "అలా చేస్తే ఇంక సిమ్ ఎందుకు తమ్ముడూ, వెళ్ళి క్యాండీ క్రష్ ఆడుకో" అంటారు. అందువల్ల మేమంతా రన్‌వే పక్కన ఇంజిన్లు ఆన్ చేసుకుని, ఆయన నావిగేషన్ తేలేదాకా నిజమైన ఇంధనం కాకపోయినా నిజమైన కరెంటు కాలుస్తూ కూర్చుంటాం.

ఆ 8 నిమిషాల్లో అన్నగారు ఏం చేస్తారో మాకు చాలాకాలం తెలియదు. ఒకరోజు స్క్రీన్ షేర్ ఆపడం మరిచిపోయారు కాబట్టి ఆ మహత్కార్యాన్ని కళ్ళారా చూసే భాగ్యం కలిగింది.

అది రాత్రి మిషన్. రాసినవాడు పాపం ఏరి కోరి అమావాస్య పెట్టాడు. అన్నగారు తెర మీది చీకటిని వెలుతురు చేసే గామా స్లైడర్ పట్టుకుని కుడివైపు జరిపారు. తెల్లారింది.

"అలైన్‌మెంట్ ఇంకా ఆరు నిమిషాలు, అందరూ ఓపిక పట్టండి" అని మైకులో ప్రకటించి ఆడియో పేజీకి వెళ్ళారు. అక్కడ కాక్‌పిట్ లోపలి శబ్దాలకు ఒక స్లైడర్, బయటి ప్రపంచానికి ఒకటి, హెల్మెట్‌లో వినపడేవాటికి ఇంకొకటి ఉంటాయి. హెల్మెట్ పెట్టుకున్న మనిషికి వినపడ్డట్టు అన్నీ మందంగా వినిపించే ఆప్షన్ కూడా ఉంది. రియలిజం మీద ప్రాణం పెట్టుకున్నవాడు మొదట దానికే టిక్ పెట్టాలి. అన్నగారు ఉన్న టిక్ తీసేశారు. కాక్‌పిట్ స్లైడర్ పాతాళానికి, ప్రపంచం స్లైడర్ నెత్తి మీదికి. "నాలుగు నిమిషాలు. అసలు పైలట్లకు ఇంతకంటే ఎక్కువ క్రమశిక్షణ ఉంటుంది, గుర్తుపెట్టుకోండి." అడవి ఎంత దూరం దాకా కనిపించాలన్న స్లైడర్ ఎడమ చివరికి పోయింది. అడవి కూడా పోయింది. ఆ అడవిలో చెట్ల మాటున ట్యాంకులు దాచిన వాళ్ళకు మాత్రం అడవి అలాగే ఉంది. వాళ్ళు ఇంకా దాక్కునే ఉన్నామనుకుంటున్నారు.

పగటి మిషన్ అయితే పేచీ సూర్యుడితో. ఎండ మిరుమిట్లు చూపే లెన్స్ ఎఫెక్ట్స్ ఆఫ్, బ్లూమ్ ఆఫ్, అవి చాలవన్నట్టు తెర మీది రంగులు సవరించే బయటి ప్రోగ్రాం ఒకటి. సైంధవుణ్ణి బయటికి రప్పించడానికి శ్రీకృష్ణుడంతటివాడు చక్రం అడ్డు పెట్టాల్సి వచ్చింది. అన్నగారికి మౌస్ సరిపోయింది. పైగా కురుక్షేత్రంలో సూర్యుడు మళ్ళీ కనిపించాడు. ఇక్కడ ఆ ఆశ లేదు.

కాక్‌పిట్ గాజు మీద గీతలు, మెరుపులు ఉండకూడదని శుభ్రమైన గాజు మోడ్ (ఆట ఫైళ్ళను మార్చే చేర్పు) కూడా వేసుకున్నారు. (ఇంట్లో కిటికీలు ఎవరు తుడుస్తారో అడిగే చనువు నాకు లేదు.) ఫైళ్ళు మార్చినవాళ్ళను రానివ్వని సర్వర్లు కొన్ని ఉన్నాయి. అన్నగారు వాటిని సంకుచిత మనస్తత్వం గల సర్వర్లంటారు.

ఇక రిజల్యూషన్. ఆ పని ఆట తెరవక ముందే అయిపోతుంది. అన్నగారిది 4కే మానిటర్. దానికి తగ్గ గ్రాఫిక్స్ కార్డు. ఆ కార్డు కొన్న నెలలో ఇంట్లో ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. అయితే దూరంగా ఉన్న విమానాన్ని ఆట ఒక చుక్కగా గీస్తుంది. మానిటర్ ఖరీదు పెరిగేకొద్దీ పిక్సెల్ చిన్నదవుతుంది, దాంతోపాటు శత్రువూ చిన్నవాడవుతాడు. అదే తెరను 1080పీలో పెడితే ఆ పిక్సెల్ నాలుగింతలు పెద్దదవుతుంది. అన్నగారు సుమారు 83 లక్షల పిక్సెల్స్ డబ్బు పోసి కొన్నారు. రోజూ సాయంత్రం వాటిలో 21 లక్షలు మాత్రమే వాడుకుని మిగతావాటిని పడుకోబెడతారు. పండక్కి ఇంటికొచ్చిన చుట్టాలకు మాత్రం 4కేలో పెట్టి సూర్యాస్తమయం చూపిస్తారు. 2023లో డీసీఎస్ 2.9 వెర్షన్ వచ్చి ఆ చుక్కల లెక్క మారినప్పుడు ఆయన పడ్డ వేదన చూడలేకపోయాం. కొడుకు పదో తరగతి ఫలితాలప్పుడు కూడా అంత టెన్షన్ పడలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ ఎక్కే రోజుల్లో ఈ విద్య పరాకాష్ఠకు చేరుతుంది. ఆ విమానం ముక్కులో 27 లీటర్ల మెర్లిన్ ఇంజిన్ ఉంటుంది. 12 సిలిండర్లు, మార్క్ 9 మోడల్ నాటికి 1500 దాటిన హార్స్‌పవర్. దాని వెనకే మనిషి కూర్చోవాలి. నెత్తిన తోలు టోపీ, చెవుల మీద ఇయర్‌ఫోన్లు. ఆ హోరులో వెనక నుంచి వచ్చే ఇంకో విమానం చప్పుడు వినడం మానవమాత్రుల వల్ల కాదు. అన్నగారి వల్ల అవుతుంది. వెనక్కి తిరక్కుండానే "ఏడు గంటల దిశలో ఒకడున్నాడు" అంటారు. శబ్దభేది వేసిన దశరథుడు ఏనుగనుకుని మునికుమారుణ్ణి కొట్టి జీవితాంతం కుమిలిపోయాడు. అన్నగారు అదే విద్యతో మొన్న మన జట్టువాణ్ణే కూల్చి, "ఫార్మేషన్ పాటించనివాడికి అంతే" అన్నారు.

తనకు అడ్డొచ్చే పొగ పలచగా ఉండాలి. తాను కొట్టిన విమానం మాత్రం మన సినిమాల్లో సుమోల పద్ధతిలో పేలాలి. ఎందుకంటే అది వీడియో తీసి పెట్టుకోవాలి. ఆ వీడియోలో స్టూకా సైరన్ తప్పనిసరి. స్టూకా అని పిలిచే జర్మన్ల జూ-87 బాంబర్‌కు చక్రాల కాళ్ళ దగ్గర నిజంగానే సైరన్ ఉండేది. గాలి అడ్డు పెరిగి వేగం తగ్గుతోందని తర్వాత వాళ్ళే చాలా విమానాలకు తీసేశారు. అన్నగారి సౌండ్ మోడ్‌లో మాత్రం ఏ దేశపు విమానం కూలినా, అది సరుకులు మోసే విమానమైనా సరే, ఆ సైరన్ మోగాల్సిందే.

ఏకాదశి ఉపవాసమని వీధంతా చాటి, మధ్యాహ్నానికి ఉప్మా, సాయంత్రానికి ఇడ్లీ లాగించేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ళు కూడా పక్కవాడి పళ్ళెంలోకి తొంగిచూసి "అన్నం తింటున్నావా, పాపం" అనరు. అన్నగారు అంటారు.

ఇదేమీ కొత్త విద్య కాదు. 2001లో ఇల్-2 స్టుర్మోవిక్ అనే సిమ్యులేటర్ వచ్చినప్పుడే దాని సెట్టింగ్స్ ఉండే కాన్ఫ్ డాట్ ఐఎన్ఐ ఫైల్ తెరిచి, ఫారెస్ట్ అన్న లైను పక్కన అంకె తగ్గించి అడవులు నరికిన తరం ఇది. చిప్కో ఉద్యమం కంప్యూటర్లలోకి రాలేదు కాబట్టి బతికిపోయారు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. తెర, కన్ను ఒకటి కావు. 10 మీటర్ల రెక్కలున్న యుద్ధ విమానం 5 కిలోమీటర్ల దూరంలో ఉంటే, 1920 పిక్సెల్స్ వెడల్పున్న మామూలు తెర మీద, మామూలు చూపు వెడల్పులో దానికి దక్కేది రెండు మూడు పిక్సెల్స్. ముక్కు మనవైపు తిప్పి వస్తుంటే దాని ఒళ్ళు ఒక్క పిక్సెల్‌లో సర్దుకుపోతుంది. అదే నిజమైన ఆకాశంలో, మంచి కళ్ళున్న పైలట్‌కు అంతకంటే బాగానే కనిపిస్తుంది. ఈ ఇబ్బంది ఆటలు తయారుచేసేవాళ్ళకు ఎప్పుడో తెలుసు. ఫాల్కన్ 4.0 అనే పాత సిమ్యులేటర్ తర్వాతి వెర్షన్లలో దూరపు విమానాలను కాస్త పెంచి చూపే స్మార్ట్ స్కేలింగ్ ఉంది. ఇల్-2 కొత్త తరంలో ఆల్టర్నేట్ విజిబిలిటీ అని పెట్టారు. సర్వర్ నడిపేవాడు అది ఆన్ చేస్తే అందరికీ ఆన్, ఆఫ్ చేస్తే అందరికీ ఆఫ్. అది పద్ధతి. పాత ల్యాప్‌టాప్‌తో ఆడుతూ ఫ్రేములు సరిపోక, బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే చెట్లు తగ్గించుకున్నవాణ్ణి కూడా నేనేమీ అనను. వాడు ఉపదేశాలు ఇవ్వడు.

ఇక్కడిదాకా నవ్వుకుంటూనే వచ్చాను. ఏటా సెప్టెంబరు 15న, బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ డే అని అన్నగారు గ్రూపులో కొవ్వొత్తి బొమ్మ పెడతారు. ఒక నిమిషం మైకులు ఆపమంటారు. అది చూసినప్పుడు మాత్రం నాకు నవ్వు రాదు.

1940 జులై నుంచి అక్టోబరు దాకా జర్మన్ వైమానిక దళంతో జరిగిన ఆ పోరాటంలో బ్రిటన్ ఫైటర్ కమాండ్ వైమానికులు 544 మంది చనిపోయారు. చాలామంది ఇరవై ఏళ్ళు అటూ ఇటూ ఉన్న పిల్లలు. తమను కూల్చినవాణ్ణి ఆఖరిదాకా చూడనే లేనివాళ్ళు వాళ్ళలో ఎందరో. క్షణం ఆగకుండా తల తిప్పుతూ వెతికితే కాలర్ ఒరుసుకుని మెడ పుండు పడుతోందని పట్టు స్కార్ఫులు కట్టుకునేవారు. సూర్యబింబానికి బొటనవేలు అడ్డం పెట్టి చుట్టూ చూసేవారు. ఎండలోంచి వస్తాడు జాగ్రత్త అన్నది మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ వాళ్ళకు వస్తున్న హెచ్చరిక. ఎండ, మబ్బు, గాజు మీద మచ్చ, చెవుల్లో ఇంజిన్ హోరు. వాళ్ళను చంపింది ఇవీ కదా? వీటినే కదా నువ్వు ఒక్కొక్కటిగా ఆఫ్ చేసుకుని కూర్చున్నది? రెక్క మీద రివెట్ల వరస తప్పిందని కంపెనీకి ఉత్తరాలు రాస్తావు. తోక రంగు ఒక్క ఛాయ తేడా వస్తే చరిత్రకు ద్రోహం జరిగిందంటావు. ఆ పిల్లాడికి కనపడకపోవడం చరిత్ర కాదా? వాడి భయంలోంచి భయం తీసేసి, యూనిఫాం మాత్రం ఉంచుకుని, పైగా వాడికి కొవ్వొత్తి పెడతావా? కనపడట్లేదన్నా అని నిజం చెప్పిన ఒకే ఒక్కణ్ణి పట్టుకుని నీ కళ్ళలోనే లోపముందని నమ్మించావు. ఆ కుర్రాడు ఇప్పుడు రావడం లేదు. కంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాడట.

సరే, మళ్ళీ మర్యాదలోకి వద్దాం.

సర్వర్లు నడిపే పెద్దలకు చిన్న విన్నపం. ఎవరి సెట్టింగ్స్ నిషేధించమనీ నేను అడగను. స్కోరుబోర్డులో పేరు, కూల్చినవి, కూలినవి మాత్రమే చూపిస్తున్నారు. పక్కన ఇంకొన్ని గడులు చేర్చండి. అప్పుడు అన్నగారి వరస ఇలా కనిపిస్తుంది: కూల్చినవి ఆరు, వాటిలో మనవాడు ఒకడు. గామా గరిష్ఠం. రాత్రి లేదు. సూర్యుడు లేడు. అడవి లేదు. సొంత ఇంజిన్ వినపడదు, పరాయి ఇంజిన్ వినపడుతుంది. గాజు ఉందో లేదో చెప్పలేం. నావిగేషన్ అలైన్‌మెంట్ మాత్రం పూర్తిగా చేశారు.

ఈ ఆలోచన గ్రూపులో పెట్టాను. అందరికంటే ముందు జవాబిచ్చింది అన్నగారే. సెట్టింగ్స్ అనేవి మనిషి సొంత విషయమనీ, వాటి గురించి నలుగురిలో అడగడం సంస్కారం కాదనీ, తన ప్రైవసీకి భంగం కలిగితే ఊరుకునేది లేదనీ అన్నారు.