మందుల చీటీ మీద తిండి సంగతీ రాయాలి

షుగర్ గోలీలు ఊరి దాకా వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ పరీక్ష చేయాలన్న జాతీయ కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు గడప గడపకూ తిరిగి పేర్లు రాసుకుంటున్నారు. ఒకప్పుడు కాలికి పుండు లేచి, ఎంతకూ మానక, పట్నం పోతే తప్ప తనకు షుగర్ ఉందని తెలియని మనిషికి ఇవాళ సబ్ సెంటర్‌లోనే ఆ సంగతి తెలుస్తున్నది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ గోలీలు నెలకు సరిపడా చేతికందుతున్నాయి. కానీ ఆ మనిషి పొద్దున ఏం తింటున్నాడు, పొలం కాడికి ఏం కట్టుకుపోతున్నాడు, రాత్రి కంచంలో ఎంత అన్నం పెట్టుకుంటున్నాడు అని ఓపిగ్గా అడిగే మనిషి మాత్రం దవాఖానాలో కనబడడు. అడిగినా ‘అన్నం తగ్గించు, చపాతి తిను’ అనే ఒక్క ముక్కతో సరి. బతికినంత కాలం వెంట ఉండే జబ్బుకు సగం వైద్యమే అందుతున్నదని, మిగతా సగం తన బాధ్యతేనని సర్కారు ఇంకా ఒప్పుకోలేదని మా అభిప్రాయం.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. దేశం మోస్తున్న రోగభారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రాసింది. ఆ సంస్థ నల్లగొండ, పాలమూరు జిల్లాల మనకు బస్సు దూరంలో ఉన్నది. అక్కడ తేలిన మాట చౌటుప్పల్ దాటి మర్రిగూడకో, షాద్‌నగర్ దాటి మద్దూరుకో చేరడానికి ఇన్నేళ్లు ఎందుకు పడుతున్నదన్నదే ప్రశ్న.

తిండికీ జబ్బుకూ ఉన్న లంకెను నల్లగొండకు ఎవరో కొత్తగా చెప్పనక్కర్లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే ఈ జిల్లా ఫ్లోరోసిస్ జబ్బు గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల కోసం 480 మంది పోటీకి నిలబడి ఎన్నికల సంఘాన్నే కదిలించిన నేల ఇది. నీళ్ల పోరాటం అందరికీ గుర్తున్నది. ఆ వెనుకే నడిచిన తిండి పరిశోధన మాత్రం మరుగున పడిపోయింది. పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో ఫ్లోరైడ్ ఊళ్లలో తిరిగి, మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలను పరీక్షించి, ఒకే రకం నీళ్లు తాగినా కొందరి ఎముకలు ఎక్కువ ఎందుకు దెబ్బతింటున్నాయని ఆరా తీశారు. కాల్షియం తక్కువగా అందే ఒంట్లో ఫ్లోరైడ్ దెబ్బ మరింత గట్టిగా తగులుతుందని పరిశోధనలు చెప్పాయి. పాలు, నువ్వులు, తైదలు (రాగులు) తినే ఇంట్లో ఆ విషం ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది. 100 గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే బియ్యంలో ఉండేది 10 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. అదే సంస్థ 2002లో మరో సంగతి బయటపెట్టింది. బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెడితే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. చిన్న ప్రయోగమే కావచ్చు. కానీ మన వంటింట్లో ఉండే వస్తువును పరీక్షకు పెట్టి, కొలిచి, రాసి చూపిన పని అది. ఇంటి వైద్యాన్ని నమ్మాలన్నా, కాదనాలన్నా దారి అదే.

ఆ పరిశోధనలో మనకు రుచించని సంగతి కూడా ఒకటున్నది, దాన్ని దాచకూడదు. అన్నం తినేవాళ్ల కంటే జొన్న ప్రధానంగా తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతున్నదని అప్పట్లో తేలింది. ఆ ప్రాంతపు జొన్నల్లో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువగా ఉండడం, దానివల్ల ఒంట్లోని రాగి లోహం (కాపర్) బయటికి పోవడం కారణాలు కావచ్చన్నారు. జొన్న చెడ్డదని దీనర్థం కాదు. నీళ్లు చెడ్డవైన చోట, పాలూ పప్పూ లేని కంచంలో, ఒక్క జొన్న గటక మీదే బతికిన మనిషికి జరిగిన నష్టమది. ఇవాళ ఇంటింటికీ కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి కాబట్టి లెక్క మారింది. అయితే తాతల తిండి కాబట్టి అన్ని జబ్బులకూ, అన్ని ఒళ్లకూ మంచిదే అనే వాదనకు మాత్రం మన జిల్లా అనుభవమే జవాబు చెబుతున్నది.

ఇక అన్నం సంగతి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు పాలమూరు కూలీల ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఆ తర్వాత సాగర్ ఎడమ కాలువ కింద, కల్వకుర్తి ఎత్తిపోతల కింద వరి పెరిగింది, మిర్యాలగూడ మిల్లులు నిండాయి, సజ్జ రొట్టె, జొన్న గటక పండుగ పూట ముచ్చటగా మిగిలాయి. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లోనే సన్నబియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి నెలకు ఆరు కిలోలు. పేదవాడి కంచంలో కూడా మంచి అన్నం ఉండాలన్న ఆలోచన గౌరవించదగ్గది. కానీ తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటు పీచూ, బి విటమిన్లూ పోతాయి, తిన్న కాసేపటికే రక్తంలో చక్కెర ఎగబాకుతుంది. ఆ అన్నానికి తోడు పప్పు రావాలి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ‘అమ్మహస్తం’ పేరుతో 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో కందిపప్పు ఉన్నది, చింతపండు కూడా ఉన్నది. ఇప్పటి సంచిలో ఆ రెండూ లేవు.

బియ్యం మానేసి చిరుధాన్యాలు తింటే చాలు, షుగర్ పోతుందన్న ప్రచారం కొన్నేళ్లుగా జోరుగా సాగుతున్నది. చిరుధాన్యాలు మేలు చేస్తాయి, అందులో అనుమానం లేదు. వాటిని క్రమంగా తిన్న మధుమేహ రోగుల్లో పరగడుపు చక్కెర సుమారు 12 శాతం తగ్గినట్టు, పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ 2021లో చూపింది. కానీ 2025లో వచ్చిన వైద్య పరిశోధన మండలి అధ్యయనాన్ని దాని పక్కన పెట్టి చదవాలి. భారతీయుల తిండిలో 62 శాతం శక్తి పిండి పదార్థాల నుంచే వస్తున్నదని, ఆ మొత్తాన్ని తగ్గించకుండా బియ్యం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో మార్చినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గడం లేదని అది తేల్చింది. పిండి పదార్థాల్లో ఐదు శాతం తగ్గించి ఆ జాగాలో పప్పుల నుంచో, పాల నుంచో వచ్చే మాంసకృత్తులు పెడితే ముప్పు తగ్గుతున్నది. అంటే అన్నం కుప్ప స్థానంలో కొర్రల కుప్ప పెట్టుకుంటే పని జరగదు. కుప్పే చిన్నది కావాలి.

మరి ఆ జాగాలోకి ఏం రావాలి? దీనికి మనం ఎక్కడికో పోయి వెతకనక్కర్లేదు. నారాయణపేటలో కంది పండుతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల రైతులు యాసంగిలో పల్లి వేస్తారు. ఉలవలు, పెసలు, అనుములు మన చెల్కల పంటలే. పుంటికూర, తోటకూర, మునగాకు ప్రతి ఊళ్లో దొరుకుతాయి. పాలమూరు రైతు పండించిన పప్పు లారీ ఎక్కి పోయి, పాలమూరు కూలీ ఇంట్లో అన్నంలోకి తొక్కు మాత్రమే మిగలడం మమ్మల్ని బాధిస్తున్నది. ఆ తొక్కులోని ఉప్పు బీపీ మనిషికి ఏం చేస్తుందో వేరే చెప్పాలా? రోజంతా కలిపి ఒక మనిషికి ఐదు గ్రాముల ఉప్పు మించొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

తిండితో, నడకతో జబ్బును ఆపవచ్చన్నది ఉత్త నమ్మకం కాదు. చెన్నై పరిశోధకులు మధుమేహం అంచున ఉన్నవాళ్లను మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. తిండి, వ్యాయామం సరిదిద్దుకున్న వారిలో ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ గోలీ ఇచ్చిన వారిలో తగ్గింది 26.4 శాతం. గోలీతో సమానంగా పనిచేసిన ఆ వైద్యానికి మన దవాఖానాల్లో ఒక కుర్చీ, ఒక మనిషి, ఒక రిజిస్టర్ ఎందుకు ఉండకూడదు? బ్రిటన్‌లో జరిగిన మరో ప్రయోగంలో, జబ్బు బయటపడి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని రోగులకు కొన్ని నెలలు అతి తక్కువ కేలరీల ఆహారం ఇస్తే ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందులు లేకుండానే చక్కెరను అదుపులో పెట్టుకోగలిగారు. అయితే అక్కడ మందు ఆపించిందీ, పరీక్షలు చేస్తూ పోయిందీ వైద్య సిబ్బందే.

ఈ తేడానే ఇక్కడ చెరిపేస్తున్నారు. కషాయం తాగండి, గోలీలు పారేయండి అని ఫోన్లలో వీడియోలు చుట్టుముడుతున్నాయి. మధుమేహాన్ని, రక్తపోటును నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం కింద మన జిల్లాల్లో ఎన్ని కేసులు పెట్టారో అధికారులు ప్రజలకు చెప్పాలి. ఇన్సులిన్ మీదే బతికే టైప్ 1 షుగర్ పిల్లలకు ఆ సూది మాన్పిస్తే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆకు మందు కాబట్టి హాని లేదనుకోవడమూ తప్పే. కోవిడ్ కాలంలో తిప్పతీగ విపరీతంగా వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు నమోదు చేశారు. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందుల్లో ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా ఉన్నట్టు అమెరికా వైద్య పత్రికలో 2008లో వచ్చింది. ఇంగ్లిష్ మందుల వైపూ తప్పు లేకపోలేదు. ఫ్లోరోసిస్‌తో కీళ్లు పట్టేసిన మనిషికి నొప్పి గోలీలు, నొప్పి సూదులు ఏళ్ల తరబడి ఇస్తూ పోతే కిడ్నీలు దెబ్బతింటాయి. ఒంట్లోంచి ఫ్లోరైడ్‌ను బయటికి పంపేవి ఆ కిడ్నీలే. అవి చెడితే ఫ్లోరైడ్ ఎముకల్లో మరింత పేరుకుంటుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో నడుములు వంగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. నల్లా నీళ్లు వచ్చాయి కదా అని వాళ్లను మర్చిపోతే అన్యాయం.

కాబట్టి ఇంగ్లిష్ వైద్యం, ఆయుష్ వైద్యం రెండూ ఒకే కప్పు కింద, ఒకరికొకరు తెలిసేలా నడవాలి. రోగి చేతిలో ఒకే కార్డు ఉండాలి. ఎంబీబీఎస్ డాక్టర్ రాసిన గోలీ, ఆయుష్ డాక్టర్ ఇచ్చిన చూర్ణం, ఇంట్లో తాగే మెంతుల నీళ్లు అన్నీ అందులో ఎక్కాలి. చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్ గోలీ వేసుకునే మనిషి మెంతులు, కాకరకాయ రసం కూడా పట్టుదలగా తాగితే చక్కెర బాగా పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. ఇద్దరు డాక్టర్లకూ ఆ సంగతి తెలియకపోతే తప్పు ఎవరిది? అలాగే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గుతుంది. కాళ్ల మంటలు, తిమ్మిర్లు అని వచ్చిన ప్రతి మనిషికీ అది షుగర్ వల్లేనని చెప్పి పంపకుండా ఒకసారి బి12 చూడాలి, గుడ్డూ పాలూ తింటున్నాడా అని అడగాలి. యోగా నేర్పాలి, నడిపించాలి. కానీ పొద్దంతా నాట్లేసే ఆడమనిషికి వ్యాయామం చేయమని చెప్పడం ఆమె బతుకు తెలియని సలహా. ఆమెకు కావాల్సింది మధ్యాహ్నం సద్దిలో అన్నంతో పాటు ఇంత పప్పు, ఒక గుడ్డు, కాస్త విశ్రాంతి. ముంబైకో పుణెకో మట్టి పనికి పోయే కుటుంబాలకు మూడు నెలల గోలీలు ఒకేసారి ఇవ్వాలి. తిరిగొచ్చాక మళ్లీ వెతికి పట్టుకోవాలి.

ఖర్చు గురించి మాట్లాడేవాళ్లకు ఒక మాట. షుగర్, బీపీ వల్ల కిడ్నీలు చెడి వారానికి మూడు సార్లు డయాలసిస్‌కు బస్సెక్కే మనిషి మీద ఆరోగ్యశ్రీ కింద పెట్టే ఖర్చులో, ఆ కుటుంబం పోగొట్టుకునే కూలిలో ఎంతో కొంత ముందే పప్పు మీద పెట్టి ఉంటే ఆ బస్సు కొందరైనా ఎక్కకపోయేవారు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉన్నది. మనుషులూ చదువూ లేవనే సాకు ఇక చెల్లదు.

ప్రభుత్వం ముందు మేం పెడుతున్న కోరికలు అసాధ్యమైనవి కావు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బీపీ, షుగర్ రోగులు వచ్చే రోజున వారానికి ఒక్కసారైనా పోషకాహార నిపుణులు రావాలి, ఆశా కార్యకర్తలకు వాళ్లే శిక్షణ ఇవ్వాలి. రేషన్ సంచిలోకి కందిపప్పు తిరిగి రావాలి. జాతీయ ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలు ఇవ్వడానికి అనుమతిస్తున్నది, పక్కనున్న కర్ణాటక రాగులు, జొన్నలు రేషన్‌లో ఇస్తున్నది. రాయచూరుకు పొరుగునే ఉన్న మక్తల్, గద్వాల జనానికి అడిగినవాళ్లకైనా ఆ వెసులుబాటు ఇవ్వాలి, ఆ జొన్నలు మన రైతుల దగ్గరే మద్దతు ధరకు కొనాలి. ఫ్లోరైడ్ మండలాల్లో వైద్య కళాశాలలు, పోషకాహార సంస్థ కలిసి కాల్షియం, చింతపండు, తైదల మీద మళ్లీ పరీక్షలు జరిపి, ఏది పనిచేస్తున్నదో ఏది లేదో తెలుగులో ఊరూరా చెప్పాలి. వచ్చే బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు కేటాయించి, మొదటి విడతగా మర్రిగూడ, మునుగోడు, మద్దూరు, మక్తల్ మండలాల్లో మొదలుపెట్టాలని ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల ఎమ్మెల్యేలు పార్టీలకు అతీతంగా అసెంబ్లీలో అడగాలి.