గట్టు మీది ఆముదం చెట్టునూ చూడాలి

ఫ్రాన్స్‌ ద్రాక్షతోటల్లో గెలలను కుళ్లబెట్టే బూడిద బూజు, పక్క కంచెకు అల్లుకున్న అడవి బ్లాక్‌బెర్రీ ముళ్లపొదల మీదా పెరుగుతుంది. రెండుచోట్లా అదే బొట్రైటిస్ సినీరియా, అదే బూడిదరంగు నూగు. దీని సిద్ధబీజాలు గాలికి ఎగిరి ఎక్కడ పడితే అక్కడ వాలతాయి. పైగా ఇది వందల రకాల మొక్కలను తినే శిలీంధ్రం. అలాంటప్పుడు తీగ మీదిదీ పొద మీదిదీ ఒకటే మంద అనుకోవడం సహజం. ఎలిజబెత్ ఫూర్నియే, తతియానా జిరో 2008లో ప్రచురించిన పరిశోధనలో జన్యు గుర్తులను పోల్చి చూస్తే అలా తేలలేదు. పక్కపక్కనే ఉన్నా, రెండు మొక్కల మీది బూజులు జన్యుపరంగా కొంత వేరుపడి ఉన్నాయి.

2011లో ఇంకో సంగతి బయటపడింది. అంతవరకూ సినీరియాగానే లెక్కేసిన బూజులో కంటికి తేడా తెలియని మరో జాతి కలిసి ఉందని తేల్చి, దానికి బొట్రైటిస్ సూడోసినీరియా అని పేరుపెట్టారు. ఫెన్‌హెక్సమిడ్ అనే బూజుమందును అది పుట్టుకతోనే తట్టుకుంటుంది. మందు వాడి వాడి అలవాటైన నిరోధకత వేరు, ఇది వేరు. ఈ తేడా తెలియకపోతే, మందు పనిచేయని చోట తప్పు రైతు పిచికారీ మీదకు నెట్టేస్తాం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

మన దగ్గర ఆముదం గెలను పట్టే బూజు దీనికి దగ్గరి చుట్టం, ఆంఫోబొట్రిస్ రిసిని. గెల వేసే సమయంలో ముసురు పట్టిందంటే పువ్వూ కాయా కలిసి కుళ్లిపోతాయి. 1987లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది తీవ్రంగా విరుచుకుపడింది. అప్పటినుంచీ పాలమూరు, నల్లగొండ రైతులకు ముసురంటే భయమే. దీనికి కార్బెండజిమ్ కొట్టమంటారు. ఆ మందు కుటుంబానికి లొంగని బూడిద బూజు యూరప్ తోటల్లో 1970లలోనే పుట్టుకొచ్చింది.

ఆముదం మన దగ్గర చేలో మాత్రమే ఉండదు. గట్ల మీద, చెరువు కట్టల పక్కన, ఊరి చివర దిబ్బల మీద ఎవరూ వేయకుండానే మొలుస్తుంది. ఏళ్ల తరబడి నిలిచే ఆ చెట్లకు మందు తగలదు. పంట కోసేశాక బూజు అక్కడ తలదాచుకుంటోందా, లేక ద్రాక్ష, ముళ్లపొదల్లోలాగా అక్కడిది వేరే వర్గమా? అక్కడే దాక్కుంటుంటే చేనుతో పాటు గట్టునూ శుభ్రం చేయాలి. వేరే వర్గమైతే రైతు చేత ఆ చెట్లు కొట్టించడం దండగ శ్రమ. జవాబును బట్టి సలహా మారుతుంది కాబట్టి రాజేంద్రనగర్ నూనెగింజల సంస్థ, పాలెం పరిశోధన స్థానం గట్ల మీది గెలల నుంచీ ఏటా నమూనాలు తీసి, చేలో దొరికిన వాటి జన్యువులతో పోల్చాలి. ముసురు మొదలయ్యే ముందు ఒకసారి, కోత అయ్యాక మరోసారి.