రూట్ మెడలో తాయెత్తు

రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7, సెంటాస్ 7 లాంటి లినక్స్ సర్వర్‌లో రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) లాగినై 'అలియాస్' అని కొట్టండి. కమాండ్లకు పెట్టిన మారుపేర్ల జాబితా వస్తుంది. అందులో మీరు పెట్టని మూడు కనిపిస్తాయి: ఆర్‌ఎం (చెరిపేది), సీపీ (కాపీ చేసేది), ఎంవీ (వేరేచోటికి జరిపేది). మూడింటి వెనకా 'మైనస్ ఐ' తగిలించి ఉంటుంది. చెరిపే ముందు, ఉన్న ఫైల్‌ను తుడిచి రాసే ముందు ఓ మాట అడగడానికన్నమాట. ఉద్దేశం మంచిదే, కాపలా కాయాల్సిన చోటే కునుకు తీస్తుంది.

డైరెక్టరీని లోపలిదాకా చెరపడానికి 'ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్' కొడితే, చివర వచ్చిన ఎఫ్ ముందున్న ఐని కొట్టేస్తుంది. ఏమీ అడక్కుండా డైరెక్టరీ మొత్తం పోతుంది. సీపీ దగ్గర కథ తిరగబడుతుంది. అక్కడ ఎఫ్ అంటే, పాత ఫైల్ తెరుచుకోకపోతే దాన్ని తీసేసి మళ్లీ ప్రయత్నించమని. ఐ జోలికి అది పోదు. అందుకే బ్యాకప్ నుంచి వందల ఫైళ్లు వెనక్కి తెస్తుంటే, ఎఫ్ పెట్టినా ఒక్కోదానికీ 'ఓవర్‌రైట్?' అంటూనే ఉంటుంది. విసుగెత్తి ఎంటర్ నొక్కుకుంటూ పోయారా, అది 'వద్దు' కింద లెక్క. పాత ఫైళ్లే మిగులుతాయి.

సెంటాస్ 7లోని పాత బాష్‌లో (మనం కొట్టే కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్‌లో) ఇంకో చిక్కుంది. కాన్ఫిగ్ కాపీ ఒక లైను, సర్వీస్ రీస్టార్ట్ ఒక లైను, రెండూ కలిపి పేస్ట్ చేస్తే, సీపీ అడిగిన ప్రశ్నకు రెండో లైనే జవాబుగా వెళ్లిపోతుంది. అది 'వై'తో మొదలవదు కదా, కాపీ జరగదు, రీస్టార్టూ జరగదు.

పైగా ఇప్పుడు చాలాచోట్ల పని నడిచేది సుడోతో, అంటే రూట్‌గా లాగిన్ కాకుండానే ఆ అధికారంతో ఒక్కో కమాండ్ నడిపించే పద్ధతితో. మామూలు యూజర్ 'సుడో ఆర్‌ఎం' అంటే సుడో నేరుగా ప్రోగ్రామ్‌నే నడుపుతుంది, రూట్ అలియాస్ మధ్యలోకి రాదు. స్క్రిప్టుల్లోనూ అంతే. ఉబుంటులోనైతే ఈ మూడూ అసలు లేవు. 'ఎలాగూ అడుగుతుందిలే' అని అలవాటుపడ్డ చేయి అక్కడ దెబ్బతింటుంది.

లినక్స్ పంపిణీదారులు ఈ మూడు లైన్లూ తీసేయడమే మేలు. అంతవరకు రూట్ హోమ్ డైరెక్టరీలోని బాష్‌ఆర్‌సీ (బాష్ మొదలవగానే చదివే) ఫైల్‌లో మీరే తీసేయండి. ఒక్కసారికైతే కమాండ్ ముందు బ్యాక్‌స్లాష్ పెడితే చాలు, అలియాస్ పక్కకు తప్పుకుంటుంది. అడిగే ఆర్‌ఎం కావాలనుకుంటే పెద్దక్షరం ఐ వాడండి: మూడుకు మించి ఫైళ్లున్నప్పుడో, డైరెక్టరీని లోపలిదాకా చెరిపేటప్పుడో ఒక్కసారే అడుగుతుంది.