జాతీయ పార్టీల్లో సీమ నేతల మాట ఎంత?

2023 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో కర్ణాటకలోని ఎగువ భద్ర ప్రాజెక్టుకు 5,300 కోట్ల రూపాయల సాయం ప్రకటించారు. తుంగభద్ర మీద ఆధారపడిన అనంతపురం, కర్నూలు జిల్లాల రైతులకు ఆ వార్త గుండెల్లో రాయి పడినట్లయింది. కట్టిన కొత్తలో 133 టీఎంసీలు పట్టిన తుంగభద్ర జలాశయం పూడిక చేరి 105 టీఎంసీల దగ్గరకు దిగింది. ఎగువ కాలువ కింద మన రాష్ట్రానికి ఉన్న 32.5 టీఎంసీల వాటా పూర్తిగా చేతికందే ఏడు అరుదు. అటువంటి జలాశయానికి పైభాగాన మరో భారీ ఎత్తిపోతల పథకం వస్తున్నదంటే కాలువ చివరి ఊళ్లకు భయం కలగడం సహజం.

ఆ రోజు కేంద్రంలోనూ కర్ణాటకలోనూ భారతీయ జనతా పార్టీయే అధికారంలో ఉంది. అదే ఏడాది మే నెలలో కర్ణాటకలో గెలిచిన కాంగ్రెస్, ప్రకటించిన 5,300 కోట్లు ఎందుకు విడుదల చేయలేదని కేంద్రాన్ని నిలదీస్తూ వచ్చింది. అంటే ఎగువ భద్ర విషయంలో రెండు జాతీయ పార్టీల కర్ణాటక శాఖలదీ ఒకే మాట. మరి అవే జెండాలు మోస్తున్న సీమ నాయకులు ఏం చేయాలి? పత్రికల వారిని పిలిచి ఆందోళన వ్యక్తం చేయడం ఎవరైనా చేయగలరు. పార్టీ ఒక నిర్ణయానికి రాకముందే, కర్ణాటక నాయకుడికి ఎదురుగా కూర్చుని, మా కాలువ కింద ఇన్ని వేల ఎకరాలు ఎండిపోతాయని లెక్కతో సహా చెప్పి, ఆ మాటను పార్టీ చేత పట్టించుకునేలా చేయడమే ప్రాంతీయ నాయకుడి అసలు పని. ఆ పని చేయగల స్థానం సీమ నాయకులకు జాతీయ పార్టీల్లో ఉందా అన్నదే నా ప్రశ్న.

ఒకప్పుడు ఉండేది. 1937 నవంబర్ 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో, కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒప్పందాన్ని మనం సాధారణంగా రెండు ప్రాంతాల మధ్య ఒడంబడికగానే చదువుకుంటాం. దానిని ఒక జాతీయ పార్టీ లోపల జరిగిన బేరంగా కూడా చదవవచ్చు. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు, అటు భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య అందరూ కాంగ్రెస్ వారే. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న పార్టీ లక్ష్యాన్ని సీమ నాయకులు కాదనలేదు. అయితే మా భయాలకు లిఖితపూర్వకంగా జవాబు చెప్పిన తరువాతే కలిసి నడుస్తామన్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీటి పథకాల్లో సీమకూ నెల్లూరుకూ ప్రాధాన్యం, రాజధాని లేదా హైకోర్టులో కోరుకున్నది తీసుకునే హక్కు, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కాగితం మీదికి ఎక్కాయి. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయిందంటే దాని వెనుక ఆ కాగితం ఉంది. మూడేళ్లకే రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన బాధ ఈ జిల్లాల్లో ఇంకా చల్లారలేదు గానీ, పార్టీని వీడకుండానే పార్టీ చేత మాట ఇప్పించుకున్న ఆ పద్ధతి మాత్రం నేటికీ నేర్చుకోదగినది.

ఆ తరువాతి తరంలో సీమ నాయకులు ఢిల్లీ దాకా ఎదిగారు. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1960లో ముఖ్యమంత్రి పదవి వదిలి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆయన స్థానంలో కర్నూలు పక్కనున్న పెద్దపాడుకు చెందిన దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. 1962లో సంజీవరెడ్డి తిరిగి రాష్ట్రానికి రాగా, ఈసారి సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. పక్కపక్క జిల్లాల నుంచి వచ్చిన ఇద్దరు దేశంలోని అతి పెద్ద పార్టీకి వెంటవెంటనే సారథ్యం వహించడం చిన్న విషయం కాదు. అయితే వారు పెరిగినంతగా వారి వెనుక సీమ పార్టీ యంత్రాంగం పెరగలేదు. 1969లో కాంగ్రెస్ అధికారిక రాష్ట్రపతి అభ్యర్థిగా నిలిచిన సంజీవరెడ్డి, సొంత పార్టీ ప్రధానమంత్రి ఇందిరా గాంధీయే అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమనడంతో ఓడిపోయారు. రాష్ట్రాల్లో సొంత బలమున్న నాయకుల కాలం ఆ ఓటమితోనే ముగియడం మొదలైందని నా అభిప్రాయం.

ఆపైన ఏకవాక్య తీర్మానాల రోజులు వచ్చాయి. శాసనసభాపక్ష నాయకుణ్ణి ఎంపిక చేసే అధికారాన్ని అధిష్ఠానానికే అప్పగిస్తున్నామని ఒక్క వాక్యం రాసి, చేతులెత్తి, ఢిల్లీ నుంచి వచ్చిన పరిశీలకుడి చేతికి ఇవ్వడం అలవాటైపోయింది. సీల్డ్ కవర్ ముఖ్యమంత్రి అన్న మాట తెలుగులో అప్పుడే స్థిరపడింది. 1978 నుంచి 1983 జనవరి వరకు, ఐదేళ్లు నిండకుండానే, చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రులయ్యారు. చివరివాడైన కోట్ల మన కర్నూలు వారు. ఆయనకు దక్కినది నాలుగు నెలలు కూడా కాదు. 1983 జనవరి ఎన్నికల్లో తొమ్మిది నెలల వయసున్న తెలుగుదేశం గెలిచింది. ఆత్మగౌరవ నినాదానికి అంత పదును పెట్టింది కాంగ్రెస్ అధిష్ఠానం వ్యవహార శైలే.

ఆ తప్పును దిద్దుకునే అవకాశం కూడా సీమ గడ్డ మీదనే వచ్చింది. 1992 ఏప్రిల్‌లో తిరుపతిలో జరిగిన కాంగ్రెస్ ప్లీనరీలో, రెండు దశాబ్దాల విరామం తరువాత, పార్టీ నిర్ణయాలు తీసుకునే వర్కింగ్ కమిటీకి ఎన్నికలు జరిగాయి. అప్పటి పార్టీ అధ్యక్షుడు, ప్రధాని పి.వి. నరసింహారావు నంద్యాల నుంచి లోక్‌సభకు వెళ్లినవారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ వంటి రాష్ట్ర నాయకులు మంచి ఓట్లతో నెగ్గారు. ఎన్నికైనవారిలో దళితులు, గిరిజనులు, మహిళలు లేరన్న కారణంతో గెలిచినవారి చేత రాజీనామాలు చేయించారు. చూపిన కారణం న్యాయమైనదే. కానీ దానికి మార్గం ఆ వర్గాలకు స్థానాలు కేటాయించి మళ్లీ ఎన్నికలు పెట్టడం. పార్టీ మాత్రం పైనుంచి సభ్యులను నియమించే నామినేషన్ల పద్ధతికే తిరిగి వెళ్లింది.

పులివెందుల నుంచి వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఈ పద్ధతికి మినహాయింపు. 2003లో చేవెళ్ల నుంచి మొదలుపెట్టిన పాదయాత్రతో ఆయన సొంత బలం తెచ్చుకున్నారు; 2009లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 33 కాంగ్రెస్‌కు దక్కేసరికి ఢిల్లీ ఆయన మాట వినక తప్పలేదు. శ్రీశైలం జలాశయం నుంచి సీమకు నీరు వదిలే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యాన్ని 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచాలని నిర్ణయించినప్పుడు సొంత పార్టీకే చెందిన తెలంగాణ నాయకుడు పి. జనార్దన్‌రెడ్డి బహిరంగంగా వ్యతిరేకించారు. ఒకే పార్టీలో రెండు ప్రాంతాలు అలా ఎదురుపడి వాదించుకోవడాన్ని నేను తప్పుపట్టను, అది ఆరోగ్యమే. తప్పెక్కడంటే, ఆ వాదం పార్టీ వేదిక మీద తేలలేదు. ఒక మనిషి బలంతో తేలింది. 2009 సెప్టెంబర్ 2న ఆ మనిషి లేకుండా పోయాక, సీమ తరఫున మాట్లాడే కుర్చీ కూడా ఖాళీ అయింది. 2011లో కడప లోక్‌సభ ఉప ఎన్నికలో జగన్‌మోహన్‌రెడ్డి కాంగ్రెస్‌ను వీడి ఐదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 2014 నుంచి వరుసగా మూడు ఎన్నికల్లో 175 శాసనసభ స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు.

సీమ మాటకు పార్టీలో చోటిచ్చే అవకాశం ఇప్పుడు భారతీయ జనతా పార్టీకి ఉంది. 2018లో కర్నూలులో ఆ పార్టీ నాయకులు సీమ డిమాండ్లతో రాయలసీమ డిక్లరేషన్ ప్రకటించారు. 2024లో గెలిచిన ఎనిమిది మంది ఎమ్మెల్యేల్లో ముగ్గురు ఆదోని, ధర్మవరం, జమ్మలమడుగు నుంచి వచ్చినవారు. ఆదోనికి తుంగభద్ర దిగువ కాలువే ఆధారం. ఆ డిక్లరేషన్‌ను పార్టీ జాతీయ కార్యవర్గం చేత తీర్మానంగా ఆమోదింపజేస్తేనే దానికి శ్రీబాగ్ పత్రానికి ఉన్నంత విలువ వస్తుంది.

కింది స్థాయిలో పరిస్థితి ఎలా ఉందో కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట అనంతపురంలో నామినేషన్ల చివరి రోజు, రిటర్నింగ్ అధికారి కార్యాలయం బయట వేపచెట్టు కింద ఒక జాతీయ పార్టీ మండల నాయకుడు, పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే బీ-ఫారం కోసం ఎదురుచూస్తున్నాడు. మూడు గంటలకు గడువు. రెండున్నరకు కారు వచ్చింది. ఫారం మీద వేరే పేరు ఉంది. ఆ అభ్యర్థిని ఆయన అంతకుముందు ఎప్పుడూ చూడలేదట. అయినా వెంట లోపలికి నడిచాడు. బయటికి వచ్చాక తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "పైవాళ్లకు మా మండలం ఏ పక్క ఉంటుందో గూడా తెల్దు సార్" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

ఎగువ భద్ర మీద ఢిల్లీలో మాట్లాడవలసిన నాయకుడు ఆకాశం నుంచి ఊడిపడడు. ఆ చెట్టు కింద నిలబడినవారి ఓటుతో జిల్లా అధ్యక్షుడై, అక్కడి నుంచి పైకి రావాలి. అప్పటిదాకా కనీసం ఒక పని చేయవచ్చు. తుంగభద్ర నీటిపై ప్రకటన చేసే ముందు ఏ జాతీయ పార్టీ అయినా తన కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ శాఖలను తుంగభద్ర ఆనకట్ట పక్కనున్న హోస్పేటలోనో కర్నూలులోనో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. కర్నూలు నుంచి హోస్పేటకు నాలుగైదు గంటల ప్రయాణం. ఢిల్లీ కన్నా చాలా దగ్గర.