మోటారు కట్టేయ్

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఊరికెళ్తూ తన బామ్మర్దిని కాపలా పెట్టాడు. పాలమూరు కుర్రాడు. చెప్పిన పని చెప్పినట్టే చేస్తాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆదివారం పొద్దున నాలుగో అంతస్తు బాల్కనీలోంచి, "తమ్ముడూ, మోటారు కట్టేయ్!" అని కేకేశాను. "సరే సార్" అన్నాడు.

మాది గోదావరి వైపు. మేం టీవీ కట్టేస్తాం, ఫ్యాను కట్టేస్తాం, పాలు పొంగితే స్టవ్వూ కట్టేస్తాం. తాడుతో పని లేదు. ఇక్కడ హైదరాబాద్‌లో వాటిని బంద్ చేస్తారని ఇరవై ఏళ్లుగా వింటున్నా నా నోటికి ఎక్కలేదు.

అరగంటకి పైనుంచి జలపాతం! సెక్రటరీ గారి ఆవిడ కింద మంచమేసి ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీదే పడుతోంది. హుస్సేన్ సాగర్ నిండి 513.41 మీటర్లకు చేరిందంటే పేపర్లో వేస్తారు. మా ట్యాంకుకి ఆ మర్యాద కూడా లేదు.

పరిగెత్తుకుంటూ దిగాను. నీలం నైలాన్ తాడు మోటారు చుట్టూ మూడు చుట్లు తిరిగి, పక్కనున్న పైపుకి రెండు ముళ్లతో బిగిసి ఉంది. మోటారు హాయిగా నడుస్తోంది.

"మీరే గద సార్ కట్టెయ్యమన్నరు! దడదడ ఊగుతుండె. గట్టిగ కట్టిన. ఇప్పుడు సప్పుడు గూడ లేదు."

నిజమే. నట్లు ఊడి ఏడాదిగా మా నిద్ర చెడగొడుతున్న మోటారు మొదటిసారి బుద్ధిగా ఉంది. మెకానిక్‌కి ఈ ఉపాయం తట్టలేదు మరి.

ఈలోగా సెక్రటరీ గారు వచ్చారు. తప్పు నాది కాదు, మాటదని ఆయనకి విడమరిచి చెప్పాను. తోటకూరా కట్టే, ట్యాంక్ బండూ కట్టే. ఆ కట్ట దిగువనున్న అమ్మవారు కట్ట మైసమ్మ. 1908లో మూసీ ఊరిని ముంచేశాక గండిపేట చెరువు కట్టారు. పప్పు మీది తేట కట్టు, విరిగిన కాలికి వేసేదీ కట్టే. తాళి కడతాం, ఆ తర్వాత ఈఎంఐ కడతాం...

ఆయన ఓపిగ్గా అంతా విని, "మీరు రెండు నెలలుగా మెయింటెనెన్స్ కట్టలేదు" అన్నారు.

వెనక మా ఆవిడ. చేతిలో బకెట్టు నిండా ఉతికిన బట్టలు.

"నా దండెం తాడు ఏదండీ? ముందు అది కట్టండి!"

కుర్రాడు నా వంక చూశాడు.

"ఏం కట్టాలె సార్, తాడా, మోటరా?"