ఏజెన్సీకి ఇచ్చారంటే అప్పు పోయినట్టేనట!

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అదే మెసేజ్ మళ్ళీ వచ్చింది, నెలలో ఇది మూడోసారి. అందులో ఉన్నదిదీ: బ్యాంకు మీ లోన్‌ని రికవరీ ఏజెన్సీకి ఇచ్చిందంటే పుస్తకాల్లో కొట్టేసినట్టే, కట్టక్కర్లేదు, మీరు సంతకం పెట్టింది బ్యాంకుకి, ఏజెన్సీకి కాదు, మూడేళ్లు ఓపిక పడితే బాకీ పోతుంది, ఏజెంట్ మీ గడప తొక్కడమే నేరం, నోటీసులొస్తే చించెయ్యండి. ఇది నమ్మి ఊరుకున్నవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు, అందుకే రాస్తున్నా.

"కొట్టేశారు" అన్నది రైటాఫ్ గురించి. మన రెండు రాష్ట్రాల్లో రుణమాఫీ మాట విని విని ఇదీ అదే అనుకుంటున్నాం. మాఫీలో రైతు తరఫున ప్రభుత్వం డబ్బు కడుతుంది. రైటాఫ్‌లో ఎవరూ ఏమీ కట్టరు, బ్యాంకు తన లెక్కలు సర్దుకుంటుంది, అంతే. మీ బాకీ మీ పేరు మీదే ఉంటుంది, సిబిల్‌లో కూడా కనిపిస్తుంది.

ఇక "సంతకం ఏజెన్సీకి పెట్టలేదుగా" అన్నది. మామూలుగా ఏజెన్సీ అంటే బ్యాంకు పెట్టుకున్న మనిషే, బాకీ బ్యాంకుకే. కొన్నిసార్లు బ్యాంకు ఆ బాకీని వేరే కంపెనీకి అమ్మేస్తుంది కూడా, దానికి మీ అనుమతి అక్కర్లేదు, బ్యాంకులు బాకీలు బదిలీ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మీరు అడగాల్సింది వేరే ఉంది. ఫలానా ఏజెన్సీకి అప్పగించామని బ్యాంకు మీకు తెలియజేయాలి, వచ్చినవాడి దగ్గర ఆథరైజేషన్ లెటరు, ఐడీ కార్డు ఉండాలి. ఇది రిజర్వ్ బ్యాంకు 2008 నుంచీ చెబుతున్న మాటే. మా తమ్ముడి క్రెడిట్ కార్డు బాకీకి ఒకతను వచ్చాడు, పగిలిన ఫోన్ స్క్రీన్‌లో ఐడీ కార్డు ఫోటో చూపించి, "ఈ నంబరుకి కొట్టండి సార్, ఇప్పుడే క్లోజ్ చేయిస్తా" అన్నాడు. ఆ నంబరు అతని సొంతది. బ్యాంకుకి ఫోన్ చేస్తే ఆ ఏజెన్సీని మార్చేసి రెండు నెలలైందన్నారు. డబ్బు కడితే లోన్ ఖాతాకే కట్టండి, రసీదు తీసుకోండి.

మూడేళ్ల సంగతి మన ఊళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ప్రోనోటుకి కాలదోషం పట్టకముందే, అంటే కోర్టుకెళ్లడానికున్న మూడేళ్ల గడువు దాటకముందే, అప్పిచ్చినాయన వచ్చి "ఓ వంద ఇచ్చి వెనకాల చెల్లు రాయి బాబూ" అంటాడు, చూశారా? వంద కోసం కాదు ఆయన వచ్చింది, సంతకం కోసం. పర్సనల్ లోన్‌కీ అదే లెక్క: గడువులోపు బాకీ ఒప్పుకుంటూ మీరు సంతకం పెట్టి ఏ కాగితం ఇచ్చినా మూడేళ్లు ఆ రోజు నుంచి మళ్ళీ మొదలు. గడువు దాటాక కూడా కడతానని రాసి సంతకం పెట్టారంటే బాకీకి మళ్ళీ ప్రాణం వస్తుంది. పైగా కాలదోషం పట్టినా పోయేది కోర్టుకెళ్లే దారే, అప్పు కాదు. ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే గడువు మూడు కాదు, 12 ఏళ్లు.

గడప తొక్కడం నేరం కాదు. బెదిరించడం, బూతులు తిట్టడం, పదిమందిలో పరువు తీయడం, మీ బంధువులకి, స్నేహితులకి ఫోన్లు చేసి సతాయించడం, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయడం, ఇవన్నీ కూడవని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. "పోలీసులు బయల్దేరారు" అనేది కూడా ఉత్త బెదిరింపు, డబ్బు లేక కట్టలేకపోవడం నేరం కాదు. కాకపోతే చెక్కు బౌన్సయితే, ఈఎంఐ ఆటో డెబిట్ బౌన్సయితే క్రిమినల్ కేసు పెట్టే వీలుంది. మెసేజ్ రాసిన మహానుభావుడికి అది గుర్తురాలేదు.

అన్నిటికంటే ప్రమాదం చించెయ్యమనడం. రాజీ కుదిర్చే లోక్ అదాలత్ నోటీసైతే వెళ్లి నచ్చకపోతే ఒప్పుకోకుండా వచ్చేయొచ్చు, సంతకం పెడితే మాత్రం అప్పీలు లేదు. కోర్టు సమన్లు, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) నోటీసు అలా కాదు. మీరు వెళ్లకపోతే మీరు లేకుండానే తీర్పు వస్తుంది, కోర్టు డిక్రీ, అంటే డబ్బు కట్టమనే ఉత్తర్వు వస్తే దాన్ని అమలు చేసుకోవడానికి వాళ్లకి 12 ఏళ్లుంటుంది. మూడేళ్లు దాక్కుందామనుకుంటే పన్నెండేళ్లు మెడకి చుట్టుకుంటుంది.

తమ్ముడికి రాత్రి 9:40కి ఫోన్లు వచ్చేవి. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లు, రికార్డింగులు జతచేసి బ్యాంకుకి ఫిర్యాదు మెయిల్ పెట్టించాను. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు, పైసా ఖర్చుండదు, వివరాలకి 14448కి ఫోన్ చేయొచ్చు. మాకు అంత దూరం వెళ్లాల్సిన పని పడలేదు, రెండో వారానికే ఫోన్లు ఆగిపోయాయి. బాకీ మాత్రం నెలకి నాలుగు వేల చొప్పున ఇంకా కడుతున్నాడు.